పైలట్‌ని వదలని ఇద్దరు

1944 ఫిబ్రవరి 20న జర్మనీలోని లైప్‌జిగ్ మీద బాంబులెయ్యడానికి వెళ్ళిన అమెరికన్ బీ-17 బాంబర్ విమానం ఒకటి రాత్రి నుంచీ నా బుర్రలోంచి పోవట్లేదు. జర్మన్ ఫైటర్ల దాడిలో కోపైలట్ అక్కడికక్కడే చనిపోయాడు, పైలట్‌కి స్పృహ లేదు, కాక్‌పిట్ పగిలిపోయి గడ్డకట్టించే గాలి లోపలికి కొడుతోంది, అయినా నావిగేటర్ ట్రూంపర్, ఇంజనీర్ మాథీస్ ఇద్దరూ కలిసి దాన్ని ఇంగ్లండ్‌లోని తమ బేస్ పోల్‌బ్రూక్ దాకా తెచ్చేశారు! వీళ్ళు పైలట్లు కాదండీ, ఇద్దరికీ 25 ఏళ్ళే.

బేస్ మీదకొచ్చాక మిగతావాళ్ళు పారాచూట్లతో దూకేశారు. మీరూ దూకెయ్యండి అని కమాండర్ ఆర్డరిస్తే, పైలట్ ఇంకా బతికే ఉన్నాడు, కదిలించలేం, వదిలి రాలేం అన్నారంట. ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

రెండుసార్లు ల్యాండ్ చెయ్యడానికి ట్రై చేశారు, కుదర్లేదు. మూడోసారి విమానం పొలంలో కూలిపోయింది. ఇద్దరూ పోయారు, పైలట్ కూడా దక్కలేదు. ట్రూంపర్, మాథీస్ ఇద్దరికీ చనిపోయాక అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు.