అత్తయ్యకి ఆరు ఎందుకు పడదంటే

సెలవులకి అందరం చేరితే మా ఇంట్లో లూడో అట్ట పరవాల్సిందే. కాసేపటికే అత్తయ్య మొదలుపెడుతుంది: "ఈ పాచికలో ఏదో ఉందమ్మాయ్, నాకు మాత్రం ఆరు పడి చావదు." ఫోన్‌లో ఆడితే యాప్‌వాళ్లే కావాలని ఆపేస్తారని బావగారి అనుమానం.

ఇంటర్ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్పేదాన్ని, ఇలాంటివి వింటే చెయ్యి ఊరుకోదు. ఒకసారి వేస్తే ఆరు పడకపోయే అవకాశం 5/6. వరసగా పదిసార్లు పడకూడదంటే దాన్నే పదిసార్లు గుణించాలి. సుమారు 16 శాతం వస్తుంది. "ఒకసారికి 1/6 కదా, ఆరుసార్లకి పడి తీరాలి" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అలా కూడుకుంటూ పోతే ఏడోసారికి 7/6 అవుతుంది, నూటికి నూట పదహారన్నమాట! నిజానికి ఆరుసార్లు వేసినా పడకుండా పోయే అవకాశం 33 శాతం. ఈ తగాదా పాతదే. 1654లో ఫ్రెంచి గణితజ్ఞుడు పాస్కల్ తోటి గణితజ్ఞుడు ఫెర్మాకి రాసిన ఉత్తరంలోనూ ఉంది: ఒక పాచికని నాలుగుసార్లు వేస్తే ఆరు పడే అవకాశం సగానికి కాస్త పైన, రెండు పాచికలని 24 సార్లు వేస్తే జంట ఆర్లు పడే అవకాశం సగానికి కాస్త కింద.

ఇక మా ఇంటి గొడవ. ఆడేది నలుగురం. పదిసార్లలో ఒకరికి ఒక్కసారైనా ఆరు పడే అవకాశం 83.85 శాతం, అంటే 0.8385. పదేసి సార్లు వేసేలోపు నలుగురికీ ఆరు పడాలంటే దాన్ని నాలుగుసార్లు గుణించాలి. 49 శాతమే. అంటే ఇంచుమించు రెండాటల్లో ఒకదానిలో ఎవరో ఒకరు కాయ కదపకుండా కూర్చోవాల్సిందే. మా తోడికోడలు కూర్చున్న ఆటలు ఎవరికీ గుర్తుండవు, ఆవిడ నోరెత్తదు మరి.

"దీనికంటే మా అష్టాచెమ్మా నయం" అంటుంది అత్తయ్య. గచ్చుమీద ఒకవైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలు. మా ఇంట్లో నాలుగూ తెలుపు పడినా, నాలుగూ నలుపు పడినా కాయ దిగుతుంది. తెలుపూ నలుపూ సగం సగం పడితే ఆ అవకాశం 1/8, ఆరు పడటం కంటే తక్కువే. కానీ ఒకవైపు చదునుగా, ఒకవైపు గుండ్రంగా ఉన్న పిక్క సగం సగం ఎందుకు పడుతుంది? నాలుగు పిక్కలూ ఒకేలా ఎటు మొగ్గినా 1/8 పెరుగుతుందే గానీ తగ్గదు. 70-30గా మొగ్గితే దాదాపు 1/4. అప్పుడు అత్తయ్య మాటే నిజం.