నిజమే, ఎవరికి కావాలి?

విజయవాడ లయోలా కాలేజీ హాస్టల్లో మేం ముగ్గురం కలిసి గోడపత్రిక నడిపేవాళ్లం. జనవరి 24న, పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ పండుగనాడు, ప్రత్యేక సంచిక. ప్రసంగం వినడానికి జనం రాకపోతే, చెప్పదలచింది కాగితాల మీద రాసి తలుపుల కింద నుంచి తోసిన మహానుభావుడాయన. 1923లో పదకొండవ పయస్ పాపుగారు ఆయనను పత్రికా రచయితలకు పాలక పునీతుడిగా ప్రకటించారు. ఆయన పండుగకు నేను రాసిందేమిటంటే, మా సహపాఠి ఒకడు పరీక్ష ఎగ్గొట్టి గాంధీనగర్‌లో మ్యాట్నీకి వెళ్లి, అక్కడ సొంత మేనమామకే దొరికిపోయిన వైనం.

సాయంత్రానికి ఫాదర్‌గారి నుంచి పిలుపు వచ్చింది.

"అబద్ధం ఒక్క ముక్క లేదు ఫాదర్," అన్నాను ముందే.

"లేదు. నిజమే. ఎవరికి కావాలి?"

పది ఆజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం పలకరాదన్న ఎనిమిదోది నాకు కంఠస్థం. (తరవాత నేను చేరిన పత్రిక డెస్కులో ఒంగోలు బాప్టిస్టు మిత్రుడికి అదే తొమ్మిదోది; ఆజ్ఞలను వాళ్లు లెక్కపెట్టే తీరు వేరు. ఆ లెక్క మీద మేం తాగిన టీలకు లెక్క లేదు.) నిజం చెప్పడం కూడా పాపం కావచ్చునని మాత్రం ఆ రోజే విన్నాను. కతోలిక విశ్వాస బోధనల గ్రంథం, 1992 నాటి సత్యోపదేశం 2477వ పేరాలో మళ్లీ అదే కనిపించింది: తగిన కారణం లేకుండా ఒకరి తప్పును తెలియనివారికి వెల్లడించడం దోషమే. ఇదే పట్టుకుంటే మా జిల్లా పేజీ సగం ఖాళీ. లంచగొండి పేరు రాయడానికి తగిన కారణం ఉంది, సరే. అతని కూతురి పెళ్లి ఆగిపోయిన సంగతి రాయడానికి? ఆ గీత ఎక్కడ గీయాలో ముప్పై ఏళ్ల తరవాత కూడా నాకు రాత్రి పదకొండింటికి, పేజీ వదిలే ముందు, కొత్తగానే ఉంటుంది.

ఒకసారి గీత దాటడం కాదు, నిజమే తప్పింది. చీటీల డబ్బుతో ఒక చిరువ్యాపారి పారిపోయాడని రాశాను. అతను గుంటూరు ఆసుపత్రిలో మంచం మీద ఉన్నాడు. మూడో రోజు సవరణ వేశాం. ఏడో పేజీలో, మిర్చి ధరల కింద, రెండు వరుసలు.

ఆ శనివారం గుణదల చర్చిలో పాపసంకీర్తనానికి, అంటే గురువు ముందు పాపం ఒప్పుకోవడానికి, వెళ్లాను. జపమాల చెప్పుకొమ్మంటారనుకున్నాను. చెడగొట్టిన పేరును బాగుచేసే బాధ్యత కూడా నీదే, వాళ్లింటికి వెళ్లు అన్నారు గురువు.

వెళ్లాను. అతను ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. తల్లి మంచినీళ్లిచ్చి, నేను చెప్పిందంతా విని, గ్లాసు తీసుకుంటూ అడిగింది:

"ఆ పేపరు చదివిన వాళ్లందరి ఇళ్లకూ వెళతావా బాబూ?"