దుర్యోధనుడి బండి మీద

భారతం ఉత్సవం చూద్దామని తిరుపతిలో చిత్తూరు ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కడమే నేను చేసిన తప్పు. ఆరు లైన్ల రోడ్డు పడ్డాక గంటలో దిగిపోతావని మా బావ ఊరించాడు. దిగాను, కాకపోతే ఊళ్లో కాదు, పూతలపట్టుకి ముందే ఫ్లైఓవర్ పక్కన. అక్కణ్ణుంచి మూడు కిలోమీటర్లకి ఆటోవాడు రెండొందలు అడిగాడు, తిరుపతి నుంచి అక్కడిదాకా కూడా అంత కాలేదు! ఒళ్లు మండి నడిచాను.

చేరేసరికి దుర్యోధన వధ అయిపోయింది. ద్రౌపదమ్మ గుడి ముందు మట్టి దుర్యోధనుడు వెల్లకిలా పడున్నాడు, తొడలో దాచిన కుండ పగిలి ఎర్రనీళ్లు ఇంకా ఇంకుతున్నాయి. ఆ మట్టిని ఆడవాళ్లు కొంగున కట్టుకుంటున్నారు. పద్దెనిమిది రోజులుగా పగలు హరికథ, రాత్రి నాటకం. చందాల ఫ్లెక్సీలో సగం పేర్ల పక్కన బెంగళూరు అని ఉంది. కృష్ణా జిల్లాలో మా ఊరికి డబ్బు ఇంతకంటే ఎక్కువే, కానీ నాటకాల పాక పీకేసి ఏసీ కల్యాణమండపం కట్టుకున్నాం.

తిరుగుదారిలో ఒకాయన బండి ఆపాడు. చెవుల వెనక వేషానికి పూసిన అర్దళం రంగు ఇంకా పోలేదు, గొంతు పూర్తిగా పోయింది. దుర్యోధన వేషం ఆయనదేనట.

"ఎక్కు నా. రెండింటికి గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్టుండాది, తోతాపురి మామిడి లారీలు వచ్చేసినాయి."

"మరి ఇన్నాళ్లూ పని?"

"తొమ్మిది దినాలు పోలే నా. కూలి పాయె."

నేను ఆఫీసులో చేసేది జిల్లాల తలసరి ఆదాయాల పట్టికలు. అందులో ఈయన తొమ్మిది రోజులు ఒట్టి నష్టం. 1990లో మొదలైన ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచీ తీసినా ఆయుష్షు, చదువు, ఆదాయం, అంతే. భూటాన్ వాళ్ల స్థూల జాతీయ ఆనంద సూచీ ఒక్కటే కాస్త నయం, పండగలకీ ఊరి కార్యక్రమాలకీ ఏడాదిలో ఎన్నాళ్లు వెళ్లావని అడుగుతుంది. ఈయనకి ఆ గడిలో ఫుల్ మార్కులే. అయినా పోయిన కూలి ఆ గడి ఇవ్వదుగా.

నా పనేంటో చెబితే నవ్వాడు. "లెక్కలేనా? అట్లయితే మా మేస్త్రీకి కొంచిం చెప్పు నా."

హైవే మీద రెండు ఎక్స్‌ప్రెస్‌లు నన్ను చూసి కూడా ఆపకుండా పోయాయి. మూడోదానికి ఆయనే రోడ్డు మీదకి దిగి, గద ఎత్తినట్టు చెయ్యెత్తి నిలబడ్డాడు. బస్సు ఆగింది. కండక్టరు మాత్రం తిట్టింది నన్నే.