డీఎస్ఎల్ఆర్‌లో వీడియో ఎందుకు అనేవాళ్ళకి

మా ఫొటోగ్రఫీ బ్యాచ్ ఎప్పుడు కలిసినా ఈ గొడవ తప్పదు, డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే, లెన్స్ మార్చుకునే కెమెరా) అంటే ఫొటోల కోసం, అందులో 4కే, లాగ్, జీబ్రా లాంటి వీడియో హంగులన్నీ దేనికి, వీడియో కావాలంటే మిర్రర్‌లెస్ (అద్దం లేనిది) కొనుక్కోండి అని. చాలా ఏళ్ళు నేనూ ఇదే మాట అన్నాను. ఇప్పుడు అనను.

నానమ్మ ఫొటోలు నా దగ్గర వందల్లో ఉన్నాయి. వీడియో మాత్రం ఒక్కటే, నా డీఎస్ఎల్ఆర్‌తో తీసింది, 40 సెకన్లు. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ "ఎండలో నించున్నావేంట్రా, లోపలికి రా" అంటుంది. ఆ మాట మీదే జిర్ర్ జిర్ర్‌మని లెన్స్ మోటార్ చప్పుడు, ఫోకస్ ఆవిడ ముఖం మీదకొస్తుంది, వెనక గోడ మీదకి పోతుంది, మళ్ళీ వస్తుంది. ఆవిడ పోయి మూడేళ్ళయింది.

ఇలా ఎందుకవుతుందంటే అద్దం వల్లే. ఫొటోకి ఫ్రేమ్ పెట్టుకునేటప్పుడు అద్దం మీద పడ్డ వెలుతురు వ్యూఫైండర్‌కి వెళ్తుంది, అందులో కొంచెం కిందున్న ఫోకస్ సెన్సర్‌కి చేరుతుంది. వీడియోకి అద్దం పైకి లేచి అలాగే ఉండిపోవాలి కాబట్టి వ్యూఫైండర్ చీకటి, కింద సెన్సర్‌కి చుక్క వెలుతురు అందదు, ఇక కెమెరా చీకట్లో స్విచ్ కోసం గోడ తడుముకున్నట్టు లెన్స్‌ని ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకోవాల్సిందే. 2013లో కానన్ 70డీ ఫొటో పడే మెయిన్ సెన్సర్ మీదే ఫేజ్ డిటెక్షన్ (లెన్స్‌ని ఎటు, ఎంత తిప్పాలో తడుముకోకుండా తెలుసుకునే పద్ధతి) పెట్టి ఈ బాధ తీర్చింది. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో అది డీ780తో వచ్చేసరికి 2020 అయింది. అంటే దారి లేక కాదు, పెట్టాలనుకుంటే పెట్టొచ్చు.

అసలు డీఎస్ఎల్ఆర్‌లో వీడియో వచ్చిందే 2008లో, నికాన్ డీ90లో 720పీ, క్లిప్ 5 నిమిషాలకి మించదు. కొన్ని వారాలకే కానన్ 5డీ మార్క్ 2 ఫుల్ హెచ్‌డీతో వచ్చింది. మొదట్లో అందులో సెకనుకి 30 ఫ్రేములే, ఎక్స్‌పోజర్ (వెలుతురు ఎంత పడాలన్నది) కూడా ఆటోనే. వాడేవాళ్ళు అడగ్గా అడగ్గా 2009లో కొత్త ఫర్మ్‌వేర్‌తో (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) మాన్యువల్ ఎక్స్‌పోజర్, 2010లో 24, 25 ఫ్రేములు, సౌండ్ లెవెల్ మన చేతిలో పెట్టుకోవడం ఇచ్చారు. అదే కెమెరా, ఒక్క స్క్రూ కూడా మారలేదు! 2011లో రాంగోపాల్ వర్మ దొంగల ముఠా మొత్తం అయిదు రోజుల్లో 5డీ మీద తీసేశాడు, సినిమా బావుందా లేదా అనేది పక్కన పెడితే, ఎంతమంది షార్ట్ ఫిల్మ్ కుర్రాళ్ళకి అప్పుడు ధైర్యం వచ్చిందో నాకు తెలుసు.

కెమెరాలోంచి వీడియో సదుపాయం తీసేస్తే రేటు తగ్గుతుంది అంటారు. నికాన్ డీఎఫ్ 2013లో వీడియో అస్సలు లేకుండానే వచ్చింది, అమెరికాలో బాడీ 2,750 డాలర్లు, అదే ఏడాది వచ్చిన వీడియో ఉన్న డీ610 2,000. డీఎఫ్‌లో నికాన్ పైస్థాయి కెమెరా డీ4 సెన్సర్ ఉంది, ఒప్పుకుంటా, కానీ వీడియో తీసేసినందుకు చవకైతే కాలేదు కదా. లైవ్ వ్యూ (వెనక స్క్రీన్ మీద చూస్తూ తీయడం) ఎలాగూ ఉన్నాక రికార్డింగ్‌కి వేరే సామానంటూ పెద్దగా అక్కర్లేదు.

అలాగని పేరుకి పెట్టడమూ నాకు నచ్చదు. 5డీ మార్క్ 4లో 4కే పెట్టారు, కానీ 1.74 క్రాప్ (సెన్సర్ మధ్య భాగమే వాడడం), అంటే 24 ఎంఎం లెన్స్ పెట్టినా 42 ఎంఎంలా కనిపిస్తుంది, పెళ్ళి మండపంలో వెనక్కి జరగడానికి జాగా లేనప్పుడు దాంతో ఏం తీస్తాం. నేనడిగేది 8కే కాదండీ. ఫోకస్ పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచుల్ని రంగుతో చూపేది), జీబ్రా (వెలుతురు మరీ ఎక్కువైన చోట చారలు చూపేది), మైక్ జాక్, హెడ్‌ఫోన్ జాక్, సౌండ్ లెవెల్, ఇంతే. వాటికోసం ఆ గాజు వ్యూఫైండర్‌ని తీసేస్తామంటే మాత్రం వద్దంటాను, డీఎస్ఎల్ఆర్ కొనేదే దాని కోసం. వీడియోకి విడిగా ఒక స్విచ్ పెడితే ఫొటోలు మాత్రమే తీసేవాళ్ళకి ఆ మెనూలు కనపడను కూడా కనపడవు, ఇక వాళ్ళకి పోయేదేంటి?

నానమ్మ క్లిప్‌లో మోటార్ చప్పుడు తీసేద్దామని సాఫ్ట్‌వేర్‌లో చాలా ప్రయత్నించా, చప్పుడుతో పాటు ఆవిడ గొంతు కూడా పల్చబడిపోయింది, అందుకే ఉన్నదున్నట్టు ఉంచేశా. ఈ సంక్రాంతికి అమ్మ అరిసెలు వొత్తుతుంటే అదే కెమెరాతో తీశాను, ఆటోఫోకస్ ఆపేసి రింగు చేత్తో తిప్పుకుంటూ, సౌండ్ కోసం ఫోన్‌ని పిండి గిన్నె పక్కన పెట్టి.