మా వాడి ‘హౌడీ’

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో అమ్మమ్మకి నమస్కారం పెట్టరా అంటే మా తొమ్మిదేళ్ల వాడు పెట్టనన్నాడు. ఫోన్‌లోకి తల దూర్చి “హౌడీ అమ్మమ్మా!” అని పరిగెత్తబోయాడు. అమ్మ నవ్వింది కానీ నాకు ఎక్కడలేని కోపమొచ్చి ఆవిడ ముందే వాణ్ణి కసిరాను. తర్వాత వాడు మెల్లగా అడిగాడు: “పక్కింటి తాతకి నువ్వు రోజూ హౌడీ చెప్తావుగా, అమ్మమ్మకి నేను చెప్తే తప్పేంటి?”

పదేళ్లుగా డాలస్‌లో ఉంటున్నా ఆ మాట గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఇక్కడ ఏటా జరిగే టెక్సస్ స్టేట్ ఫెయిర్ అనే జాతరలో బిగ్ టెక్స్ అనే పెద్ద కౌబాయ్ బొమ్మ 1953 నుంచీ “హౌడీ ఫోక్స్” అంటూనే ఉంది, 2019లో హ్యూస్టన్‌లో మోదీ సభకి కూడా ‘హౌడీ మోదీ’ అనే పేరు పెట్టారు, కాబట్టి ఇది ఇక్కడి పశువుల కాపరుల మాటే అనుకున్నాను. తీరా చూస్తే ఇంగ్లండులో పుట్టిందట. “హౌ డూ యీ” అని ఆరోగ్యం అడగడమే అరిగి అరిగి హౌడీ అయింది. అందులో ‘యీ’ ఉంది చూశారా, ఒకప్పటి ఇంగ్లీషులో పదిమందినీ అలాగే అనేవారు, గౌరవించాల్సిన మనిషి ఒక్కరే అయినా అలాగే అనేవారు. చనువున్న చోట ‘దౌ’. అచ్చం మన మీరు, నువ్వు. అంటే వాడు తెలియకుండానే అమ్మని “మీరెలా ఉన్నారు” అని అడిగాడు, నేను దానికే కసిరాను.

పిల్లలకి ముందు మాట అర్థం చెప్పండి, తర్వాతే అలవాటు చేయించండి అని మీకు రాద్దామనుకున్నాను. కానీ నమస్కారానికి అర్థం నేను వాడికి ఏనాడు చెప్పాను? అసలు నేనే అమ్మకి “హాయ్ అమ్మా, బాగున్నావా” అనేసి, ఆవిడ “బాగానే ఉన్నానే” అనేలోపు ఇంకో మాటలోకి వెళ్లిపోతాను. ఇదంతా తెలిశాక కూడా వాడు చేతులు జోడిస్తే బాగుండునని నాకుంది, ఆ పట్టుదల సరైనదో కాదో తేల్చుకోలేకపోతున్నాను.

ఈ ఆదివారం వాడే ఫోన్ తీసుకుని, హౌడీ అంటే ‘మీరు ఎలా ఉన్నారు’ అని అమ్మమ్మకి వచ్చీరాని తెలుగులో చెప్పి, మళ్లీ “హౌడీ” అన్నాడు. అమ్మ కాసేపు ఆగింది.

“ఏం బాగు నాన్నా, మూడు వారాల్నుంచి మోకాలు లేవనివ్వట్లేదు.”

ఆ సంగతి నాకు తెలియదు.

“ఏ మోకాలు అమ్మమ్మా?” అన్నాడు వాడు.