నేను నీ నగను కాదు నాన్నా

మా అమ్మాయిని బడిలో 'నా పేరు కథ' అని చార్టు చేసి తెమ్మన్నారట. లెక్కల హోంవర్కు అనగానే పక్కగదిలోకి జారుకునే నేను, దీనికి మాత్రం పిలవకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "జైన్ అంటే అలంకారం, అబ్ అంటే తండ్రి. జైనబ్ అంటే తండ్రికి అలంకారం. రాసుకో" అన్నాను. పదకొండేళ్లుగా చెబుతున్న మాటే. పుట్టిన బిడ్డకు పేరు పెట్టే అఖీఖా విందు రోజు బిర్యానీ వడ్డిస్తూ వచ్చినవాళ్లందరికీ చెప్పాను కూడా.

పిల్ల స్కెచ్ పెన్నుకు మూత పెట్టేసింది. "నేను రాయను. నేను నీ నగను కాదు నాన్నా."

అంతా ఇంగ్లీషులోనే అంది, చివర 'నాన్నా' ఒక్కటే తెలుగు. అందుకే ఇంకా గట్టిగా తగిలిందనుకుంటా. మొండికేశాను. పేరు పెట్టింది నేను, దాని అర్థం నాకు తెలీదా అన్నాను. అన్నం దగ్గర కూడా ముఖం ముడుచుకునే కూర్చున్నాను. మా ఆవిడ మాత్రం "నగే అయితే ఇల్లు కొన్నప్పుడే తాకట్టు పెట్టేసేవారు కదా" అని నవ్వింది. ఆ ఇంటి డౌన్‌పేమెంటుకు ఎవరి గాజులు వెళ్లాయో నాకు తెలుసు కాబట్టి నోరు మూసుకుని పెరుగన్నం కలుపుకున్నాను.

రాత్రి నిద్ర పట్టక వెతకడం మొదలుపెట్టాను. నా మాటే నెగ్గాలని వెతికాను, అది దాచను. ఫీరోజాబాదీ అనే పండితుడు ఆరువందల ఏళ్ల కిందట కూర్చిన అరబిక్ నిఘంటువు ఉంది, 'అల్ ఖామూస్ అల్ ముహీత్'. అందులో ఈ పేరుకు వరసగా నాలుగు దారులు చూపించాడు. మొదటిది, ఒళ్లు చేయడం అనే అర్థమున్న ధాతువు. రెండోది తేలు కొండి. మూడోది చూడ్డానికి చక్కగా ఉండి, మంచి వాసన వేసే ఒక చెట్టు. చిట్టచివర, 'లేదా' అని తగిలించి, తండ్రికి అలంకారం. నాలుగింట్లో నేను పట్టుకున్నది ఆ ఆఖరిది. తక్కినవి ఎప్పుడూ వెతికిన పాపాన పోలేదు. వినగానే బాగుంది, పైగా అందులో నేనున్నాను.

అసలు నిజం ఏమిటంటే ఈ పేరు పెట్టింది అర్థం చూసి కాదు. మాది గుంటూరు వైపు దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే, అరబిక్ మాకు నమాజు వరకే. మా అమ్మ పేరు జైనాబీ. అమ్మ పేరు నిలబెట్టాలని పెట్టాను. పెట్టాక తెలిసింది, అత్తగారి పేరు నోటితో పలకకూడదని మా ఆవిడ ఒక్కసారి కూడా అలా పిలవదని. ఆవిడకు ఇది బుజ్జి. నేను పూర్తి పేరుతో పిలిచేది కోపం వచ్చినప్పుడే. అంత పట్టుబట్టి పెట్టిన పేరు ఇంట్లో తిట్టడానికి తప్ప వాడుకలో లేదు.

నా సంగతి ఇంకా ఘోరం. మా ఊరివైపు మస్తాన్ రావులూ మస్తానమ్మలూ కూడా కనిపిస్తారు, మతంతో పనిలేదు, గుంటూరులో కాలే మస్తాన్ దర్గా ఉంది కదా. నేనూ ఆ మొక్కుతో పుట్టిన మస్తాన్ వలీనే. ఆఫీసులో 'స్టాన్'. కాఫీ కప్పు మీద కూడా స్టానే. ఈ స్టాన్ గారు తన కూతురి పేరును టీచరు కుదిస్తే ఊరుకోకుండా ఈమెయిల్ రాశారు. ఆ ఈమెయిల్ కింద సంతకం ఏమని పెట్టానో అడక్కండి.

మర్నాడు సంధికి వెళ్లాను. ఒళ్లు చేయడం సంగతి మింగేశాను, ఆ వయసు పిల్లతో అది చెప్పి బతికి బట్టకట్టలేను. మిగతా మూడూ చెప్పి, ఈ పేరు మోసిన ఆడవాళ్ల గురించి కూడా చెప్పాను. ప్రవక్తగారి పెద్దమ్మాయి జైనబ్. ఆయన భార్యల్లో ఇద్దరు జైనబ్‌లు, వాళ్లలో ఒకావిణ్ణి పేదల తల్లి అనేవారు. మనవరాలు జైనబ్ అయితే, 680లో కర్బలాలో అన్న హుసేన్‌ను చంపేశాక బందీగా డమాస్కస్ వెళ్లి, ఖలీఫా యజీద్‌ను అతని దర్బారులోనే నిలదీసింది. మా ఊళ్లో పీర్లు లేచినప్పుడు చిన్నప్పుడు నేను విన్న కథే.

"ఇది ముందే చెప్పొచ్చుగా?" అంది.

చెప్పొచ్చు. ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు. ఎదురు మాట్లాడే జైనబ్ ఇంట్లో వద్దనుకున్నానేమో. పిల్లలకు అర్థం చూసి పేరు పెట్టండి అని కొత్తగా తల్లిదండ్రులైన వాళ్లకు ఇన్నాళ్లూ సలహాలిచ్చాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదు. పెద్దవాళ్ల పేరు పెట్టండి అందామంటే, నేను అదీ సరిగ్గా చేయలేదు. వాళ్ల క్లాసులో జోర్డాన్ దేశపు అమ్మాయి మా పిల్ల పేరు అరబిక్‌లో పలికే తీరు విన్నాక, మనది జీలకర్రలో జ అని, అసలుది 'జడ'లో జకు కాస్త దగ్గరగా ఉంటుందని మా పిల్లే నాకు నేర్పింది.

సాయంత్రం వీడియో కాల్‌లో నానమ్మనే అడిగింది, నీ పేరుకు అర్థమేంటని.

"అర్థమా? ఎవరడిగార్లే. మా నాయన దూది ఏకుతుంటే ఆ విల్లు మోతకు ఏమీ వినపడేది కాదు. అందుకని మా అమ్మ జైనా... బీ అని సాగదీసి అరిచేది. అంతే."

"తేలు కొండి అంట నానమ్మా!" అని చార్టు ఫోనుకు అడ్డంగా పెట్టి చూపించింది. చెట్టు వేసింది. ఆ చెట్టెక్కుతూ ఇంత లావు తేలు, తోక పైకెత్తుకుని.

మా అమ్మ కళ్లజోడు సరిచేసుకుని కాసేపు చూసి, "మీ తాతకు ఇది నిఘంటువు చూడకుండానే తెలుసే" అంది. వంటింట్లోంచి మా ఆవిడ దగ్గు వినిపించింది.