214 కోట్ల గింజలు, ఒక్క భాజకమూ లేదు

గాజువాకలో మా ట్యూషన్ పిల్లలకు గుణశ్రేఢి మొదలుపెట్టేది బియ్యం గింజలతోనే. ఒకటో తారీఖున ఒక గింజ, రెండున రెండు, మూడున నాలుగు, అలా రోజూ రెట్టింపు. 31 రోజుల నెల ముగిసేసరికి మొత్తం 2,14,74,83,647. "ఎన్ని బస్తాలవుతాయి మేడమ్?" అని ఈసారి ఒకమ్మాయి పట్టుకుంది. వంటింటి కాటా తెచ్చి వెయ్యి సోనా మసూరి గింజలు తూచాం (లెక్కపెట్టింది వాళ్లే, పోట్లాడుకుంటూ). 10 గ్రాములు తూగాయి. అంటే మొత్తం 21 టన్నుల పైమాటే, 25 కిలోల బస్తాలైతే 850 దాటతాయి. అందులో సగం ఆఖరి రోజువే.

నా ముచ్చట మాత్రం బస్తాలు కాదు. ఆ మొత్తం ప్రధాన సంఖ్య. ఇన్ని కోట్ల గింజల్ని ఎవరికీ సమానంగా పంచలేం, గింజకొకరు వస్తే తప్ప.

31 ప్రధాన సంఖ్య కాబట్టి ఇదీ అంతేలే అనుకునేవాళ్లకు 11 రోజుల మొత్తం చూపిస్తాను: 2047. అది 23×89. కాబట్టి రుజువు కావాల్సిందే. ఎన్ని రోజులకు ఇలా ప్రధాన సంఖ్య వస్తుందో చెబుతూ 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచ్ పండితుడు ఇచ్చిన జాబితాలో 31 ఉంది గానీ, తేల్చింది గణితవేత్త ఆయిలర్, 1772లో. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పూర్తిగా పోయింది.

ఒక సంఖ్యకు భాజకం ఉంటే ఒకటైనా దాని వర్గమూలం లోపే దొరకాలి; మన మొత్తానికి వర్గమూలం 46,340 పైన. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలు నాలుగు వేల పైచిలుకు. అన్నిటితో భాగించుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఆయిలర్ కోత చూడండి: దీనికి ప్రధాన భాజకం ఉంటే 248తో భాగించినప్పుడు దాని శేషం 1 గానీ 63 గానీ అయితీరాలి. 63, 249 రెండూ మూడుతో పోతాయి. అసలు పరీక్ష 311తో మొదలు, శేషం 35. ఇలాంటివి నాలుగు వందలు కూడా లేవు. నాకు ఈ కోతే అందం, జవాబు తర్వాత సంగతి.

1811లో బార్లో అనే ఆయన, ఈ ప్రధాన సంఖ్య నుంచి వచ్చే పరిపూర్ణ సంఖ్య (తనను వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే తానే వచ్చేది) కంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను బహుశా ఇక ఎవరూ కనిపెట్టరని, వాటివల్ల ఉపయోగం లేదని రాశాడు. పాపం. ఈ ప్రధాన సంఖ్యకైతే ఉపయోగం దొరికింది: కంప్యూటర్లో 32 బిట్ల (0 గానీ 1 గానీ పట్టే చోట్ల) గడిలో ఒకటి ప్లస్, మైనస్ గుర్తుకు పోగా, మిగిలిన 31లో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. 1970 జనవరి 1 నుంచి సెకన్లను అలా లెక్కపెట్టే పాత ప్రోగ్రాములకు 2038 జనవరి 19న, మన టైము ఉదయం 8:44:07కి, ఆ గడి నిండిపోతుంది.

ఇంటికి 29 రోజుల మొత్తం ఇచ్చి పంపాను: 53,68,70,911. దీనికి భాజకాలు 58తో భాగిస్తే 1 మిగలాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. 59, 117 ఈ 8 షరతు దగ్గరే తప్పుకున్నాయి, 175 ప్రధాన సంఖ్యే కాదు. తర్వాతిది 233. దానితో నిశ్శేషంగా పోతుంది! ఒక కుర్రాడు ఇల్లు చేరకముందే ఆటోలోంచి ఫోన్ చేసి, "ఇంత ఈజీ ఇచ్చారేంటి మేడమ్?" అన్నాడు. రేపు వాడికి 61.